మా అత్తగారి నాస్తికుడు

నేను రాసే ఈ నాలుగు ముక్కల్లో ఎవరి పేరూ ఉండదు. దాచాలని కాదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం మొగుడి పేరు చెప్పం, మామగారి పేరు చెప్పం, బావగారి పేరు చెప్పం. చెబితే వాళ్ళ ఆయుష్షు తరుగుతుందని మా నమ్మకం. ఈ లెక్కన ఇంట్లో నోరారా పేరు పెట్టి పిలవడానికి మిగిలేవి పశువులే. అరవై దాటాక ఇప్పుడు కాగితం మీద ఆ అలవాటు మానుకోమంటే నాకు చెయ్యి రాదు.

పేరు చెప్పకపోతే పనులు ఆగుతాయా? ఒక్కో ఇల్లాలు ఒక్కో దారి చూసుకునేది. కొందరు "మా పెద్దాడి నాన్న" అనేవారు. కొందరు "మా ఇంట్లోవాళ్ళు" అనేవారు. మా అత్తగారు మాత్రం మామయ్యగారిని "మా నాస్తికుడు" అనేవారు.

"అమ్మాయ్, మా నాస్తికుడు పొలం నుంచి వచ్చారేమో చూడు. కాళ్ళకి నీళ్ళు పెట్టు."

ఊరు తిట్టుగా పెట్టిన మాట అది. ఆవిడ దాన్ని తీసుకుని ఇంటి మాట చేసుకున్నారు. ప్రేమగా ఉన్నప్పుడు "మా నాస్తికుడు", కోపం వస్తే "నాస్తికుడుగారు". వంటింట్లోంచి "గారు" వినపడిందంటే మామయ్యగారు మారు మాట్లాడకుండా లేచి చేతులు కడుక్కుని పీట మీద కూర్చునేవారు.

ఆ మాట నాకు పెళ్ళికి ముందే తెలుసు. సంబంధం కుదురుతున్న రోజుల్లో మా మామ్మ మా నాన్నని నిలదీసింది. "నాస్తికుడి కొంపలో పిల్లనిస్తావా? అక్కడ దీపమైనా పెట్టుకోనిస్తారో లేదో." నాన్న తల వంచుకుని, "కాలవ కింద పొలం అమ్మా. పిల్లాడు బుద్ధిమంతుడు," అన్నాడు. మామ్మ ఆ పూట అన్నం తినలేదు. అసలు ఆ మాటని మామ్మ ఎంత ధారాళంగా వాడేదో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. స్నానం చెయ్యకుండా మామిడిపండు కొరికిన మా తమ్ముడు నాస్తికుడు. ఓడెక్కి రంగూను వెళ్ళొచ్చిన మంగలి నాస్తికుడు. ఎవరో తుమ్మినా ఆగకుండా గడప దాటినవాడు నాస్తికుడు. చెప్పకుండా పులుసులో బెల్లం తగ్గించినందుకు మా అమ్మ కూడా ఒక రోజంతా నాస్తికురాలై తిరిగింది. నాస్తికుడంటే దేవుణ్ణి లేడనేవాడని నాకు చాలాకాలం తెలియదు. మామ్మ మాట విననివాడనుకునేదాన్ని.

పదిహేనో ఏట కాపురానికి పడవలో వచ్చాను. కాలవ గట్టు మీద మామయ్యగారు నిలబడి ఉన్నారు. పొట్టి మనిషి, తెల్లటి మీసం, మోకాళ్ళ దాకా బురద. ముందుగా ఆయన నుదురు చూశాను. బొట్టు లేదు. మిగతాదంతా మా నాన్నలాగే ఉంది. నా ఒళ్ళో ఒక చిన్న గుడ్డమూట ఉంది. అందులో మా అమ్మ ఇచ్చిన ఇత్తడి దీపం, జానెడు లక్ష్మి బొమ్మ. ఆ ఇంట్లో వాటిని బయటికి తియ్యొచ్చో లేదో తెలియక రెండు రోజులు పెట్టె అడుగున దాచాను. అత్తగారి పూజగది ఉందిగానీ అది నిండుకుండ, అగరువత్తి గుచ్చడానికి కూడా సందు లేదు.

మూడో రోజు పొద్దున్నే మామయ్యగారు గునపం, తాపీ పట్టుకుని మా గది గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"అమ్మాయ్, మీ దేవుడు ఎంత ఎత్తమ్మా?"

గబుక్కున లేచి నిలబడ్డాను. "జానెడండి," అన్నాను.

"దీపం సెగ తగలకుండా పైన ఇంకో బెత్తెడు వదులుదాం," అని తూర్పు గోడకి గూడు తొలిచారు. లోపల నున్నగా సున్నం పూశారు. ఆరేదాకా ముట్టుకోవద్దని చెప్పి చేలోకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అందులో దీపం పెడుతుంటే మామ్మ గుర్తొచ్చింది, కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఆయనకి తాపీ పని ధవళేశ్వరంలో పట్టుబడింది. ఆనకట్ట కట్టే రోజుల్లో ఆయనకి పదిహేను పదహారేళ్ళట. వాళ్ళ నాన్నతో కలిసి రాళ్ళు మోయడానికి వెళ్ళారు. అంతకుముందు కరువు ఎలా ఉంటుందో ఆయన కళ్ళారా చూశారు. వానల కోసం ఊరు చెయ్యని పూజ లేదు. కప్పకి పసుపు పూసి, రోకలికి కట్టి, వీధి వీధీ తిప్పారు. ఆ ఏడే ఇంట్లో ఇద్దరు తిండిలేక పోయారు. తర్వాత ఆనకట్ట మొదలుపెడితే, గోదారితల్లికి అడ్డం కడితే ఊరుకోదని, మనుషుల్ని మింగేస్తుందని అందరూ భయపెట్టారు. కట్ట నిలిచింది, కాలవల్లోకి నీళ్ళొచ్చాయి. "గోదారమ్మ ఏమీ అనలేదమ్మా. కోపమంతా మనుషులకే వచ్చింది," అనేవారాయన. అప్పటినుంచి ఆయన దేవుడితో పోట్లాడలేదు, అడగడం మాత్రం మానేశారు. ఏటా కాలవ వదిలే రోజు ఊరంతా పసుపు కుంకాలతో గట్టుకి వెళ్తే ఆయన పార భుజాన వేసుకుని వెళ్ళి తూము దగ్గర పూడిక తీసేవారు. మొక్కితే నీళ్ళొస్తాయో లేదో తనకి తెలియదనీ, పూడిక తీస్తే వస్తాయని తెలుసనీ అనేవారు.

ఒకసారి మా అరుగు మీద బడిపంతులుగారు నాస్తికుడన్న మాటకి అర్థం చెప్పారు. పెద్దాపురం మరిడమ్మ జాతరకి బళ్ళు కట్టే విషయం మాట్లాడటానికి ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు. మామయ్యగారు తాను రానని, బండీ ఎడ్లూ మాత్రం తీసుకెళ్ళమనీ అన్నారు. నాస్తికుడి బండి అమ్మవారు ఎక్కుతుందా అని ఎవరో నవ్వారు. పంతులుగారు సర్దిచెప్పబోయి శాస్త్రంలోకి దిగారు. దేవుడు లేడనేవాడు నాస్తికుడని జనం అనుకుంటారుగానీ పూర్వులు చెప్పిన అర్థం అది కాదట. వేదాన్ని కాదన్నవాడు నాస్తికుడట.

మామయ్యగారు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నారు. "అదేదో నాకెవరూ వినిపించలేదు కదండీ పంతులుగారూ. మా కులంవాళ్ళు అది వినకూడదన్నారు. విననిదాన్ని నేను కాదనడం ఎలాగండి?"

పంతులుగారు మంచివారు. "అయితే మీకా మాట వర్తించదు," అని ఒప్పుకున్నారు. "పోనీ దేవుడి సంగతి మీరేమంటారో మీరే చెప్పండి."

"ఉన్నాడో లేడో నాకు తెలీదండి. ఇంతవరకు నాకు ఆయనతో పని పడలేదు. ఆయనకీ నాతో పడలేదు."

తలుపు వెనకాల నా పక్కన నిలబడి వింటున్న అత్తగారు, "పడుతుంది, పడుతుంది," అని గొణిగారు. బండి మాత్రం జాతరకి వెళ్ళింది. ఎడ్ల మెడలకి కొత్త గంటలు కట్టి పంపింది మామయ్యగారే.

ఆ గొణుగుడు వెనక ఎంత భయం ఉందో నాకు తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం వడియాలు పెడుతున్నాం. అత్తగారు ఉన్నట్టుండి చెయ్యి ఆపి అన్నారు.

"పోయేటప్పుడు స్వామి పేరు చెవిన పడాలంటారు. పడితే చాలదు, తనూ పలకాలి. ఈయన పలకరు. నేనిన్ని సోమవారాలు ఉపవాసాలున్నాను, నేనో చోటికి పోతాను. ఆయనింకో చోటికి పోతారు. అక్కడ ఆయనకి మజ్జిగ ఎవరు పోస్తారమ్మా?"

నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. ఆవిడకది వేళాకోళం కాదు. పదకొండో ఏట ఆ ఇంటికి వచ్చిన మనిషి, నలభై ఏళ్ళు ఆయనకి వడ్డించిన మనిషి. చచ్చాక ఆయనతో విడిపోతానేమోనన్నది ఆవిడ బతుకులో ఉన్న ఒకే ఒక్క బెంగ. ఆ బెంగతోనే అన్ని నోములూ నోచారని అప్పుడు అర్థమైంది.

నేను వచ్చిన ఏడో ఏడు మామయ్యగారికి చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చి దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. మావారు రాజమండ్రి వెళ్ళి క్వినైను పొట్లాలు తెచ్చారు. మామయ్యగారు ఆ చేదు కిమ్మనకుండా మింగేవారు. తొమ్మిదో రోజుకి మనిషి చాపకి అతుక్కుపోయారు. ఆ పొద్దున అత్తగారు నన్ను పెరట్లోకి పిలిచారు.

"ద్రాక్షారామం వెళ్దాం పద. ఆయన పేరున అర్చన చేయిస్తాను. మీ ఆయనకి చెప్పకు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, వాళ్ళ నాన్నకి చెప్పేస్తాడు."

మా చుట్టాలావిడకి ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి, మామయ్యగారిని మావారికి అప్పగించి పడవెక్కాం. గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవ లాగుతున్నారు. అత్తగారు ఒళ్ళో కొబ్బరికాయ పెట్టుకుని దారి పొడవునా దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నారు. మా ఇద్దరిలో ఒక్కరికీ ఒక సంగతి తట్టలేదు. పేరు చెప్పాల్సిన పనికి పేరు చెప్పకూడని ఇద్దరు ఆడవాళ్ళం బయల్దేరాం. ఎప్పుడు గుడికి వెళ్ళినా ఎవరో ఒక మగవాడు పక్కనుండి చెప్పేసేవాడు. అందుకే అది గుర్తు రాలేదు.

గర్భగుడి ముందు నిలబడ్డాక పూజారిగారు గోత్రం అడిగారు. అత్తగారు చెప్పారు. పేరు అడిగారు. అత్తగారు నోరు తెరిచి మూసుకున్నారు.

దేవుడి పేరున్న మొగుళ్ళైతే తేలిక. ఏడుకొండలవాడి పేరనో, సీతమ్మ పెనిమిటి పేరనో గుర్తు చెప్పొచ్చు. మామయ్యగారి కథ వేరు. ఆయనకి ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారట. అందుకని ఈయన పుట్టగానే వాళ్ళమ్మ చెత్తకుప్ప మీద పొర్లించి, చావుకి కూడా చీదర పుట్టే పేరు పెట్టింది. మా వైపు వాళ్ళు ఆ పేరేమిటో ఇట్టే పోల్చుకుంటారు. గుళ్ళో స్వామి ఎదురుగా ఆ కుప్ప గుర్తు ఎలా చెప్పడం?

వెనక జనం తోసుకుంటున్నారు. పూజారిగారు మళ్ళీ అడిగారు. అత్తగారు కంగారులో నోటికి అలవాటైన మాట అనేశారు.

"మా నాస్తికుడండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఇద్దరికి, ముగ్గురికి పాకింది. అత్తగారి చెవులు ఎర్రబడ్డాయి. పూజారిగారు పెద్దాయన, ఆయన నవ్వలేదు.

"నాస్తికుడికైనా జ్వరం జ్వరమేనమ్మా. కానీ స్వామికి చెప్పాలంటే పేరు కావాలి కదా," అన్నారు.

అత్తగారు నావైపు చూశారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. పేరు చెబితే ఆయన ఆయుష్షు తరుగుతుంది, చెప్పకపోతే ఆయనకి అర్చన లేదు. నేను చెప్పేశాను. మెల్లగా చెబితే మళ్ళీ అడుగుతారన్న భయంతో గట్టిగానే చెప్పాను. మామగారి పేరు నా నోటి నుంచి రావడం అదే మొదలు. పూజారిగారు దాన్ని మంత్రాల మధ్య కలిపి చదువుతుంటే ఆ పేరు కూడా బాగానే ఉందనిపించింది.

తిరుగు పడవలో అత్తగారు కొబ్బరి చిప్ప ఒళ్ళో పెట్టుకుని కాలవ వైపు తిరిగారు. తిట్టబోతున్నారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. సగం దారిలో కొబ్బరి చిప్ప నా చేతిలో పెట్టి అన్నారు.

"నువ్వంటే తరగదేమోలే. నేనంటేనే తరుగుతుందేమో."

"తరగదు అత్తయ్యా."

"నాకూ అనాలని ఉండేదమ్మా. పెళ్ళైన కొత్తలో ఒకసారి నూతి దగ్గర ఎవరూ లేరు. పెదాల దాకా వచ్చింది. మింగేశాను."

ఆ నూతి దగ్గర నిలబడ్డ చిన్నపిల్ల నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నాకంటే చిన్నది, ఒంటరిది, మొగుడి పేరు ఎలా ఉంటుందో ఒకసారి నాలుక మీద రుచి చూడాలనుకుంది. అంతే కదా ఆవిడ కోరింది.

మేం ఇల్లు చేరేసరికి మామయ్యగారికి చెమటలు పట్టి జ్వరం దిగింది. నాలుగు రోజులకి లేచి కూర్చున్నారు. దిండు కింద విభూతి పొట్లం ఆయన చేతికి తగిలింది. అత్తగారు అటు తిరిగి చాట పట్టుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టారు. ఆయన నన్ను అడిగారు.

"ఏ పేరున చేయించారమ్మా?"

తల వంచుకుని జరిగిందంతా చెప్పాను. గుళ్ళో నాస్తికుడన్న మాట దగ్గర ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత నెమ్మదించి అన్నారు.

"నన్నా పేరుతో పిలిచేవాళ్ళంతా పోయారమ్మాయ్. మా అమ్మతో సరి. ఊరికి నాస్తికుణ్ణి, వాడికి నాన్నని, నీకు మామయ్యని. గుళ్ళోనైనా ఒకసారి పిలిచారు. బాగుంది." అత్తగారి వైపు తిరిగి, "ఏమే, నువ్వూ ఒకసారి అనకూడదూ?" అన్నారు.

అత్తగారు చాట దించలేదు. "మీరు స్వామి పేరు ఒక్కసారి అనండి. నేనూ అంటాను."

"బేరం బాగానే ఉంది," అన్నారాయన. ఆ బేరం తెగలేదు. ఆ తర్వాత మూడేళ్ళు వాళ్ళకదొక ఆట. అన్నం దగ్గర "ఏం, అంటావా?" అని ఆయన, "ముందు మీరనండి నాస్తికుడుగారూ," అని ఆవిడ. జ్వరం తగ్గింది క్వినైను వల్లా అర్చన వల్లా అని మావారు ఒకసారి వాదన పెడితే మామయ్యగారు, "రెండూ చేదుగానే మింగాం, వదిలెయ్యి," అన్నారు.

నాలుగో ఏడు వానల్లో ఆయన రొమ్ము పట్టేసింది. ఈసారి లేవరని అందరికీ తెలుస్తూనే ఉంది. ఒక రోజు పొద్దున్నే ఊపిరి మారింది. సావిట్లో చాప మీద పడుకోబెట్టారు. మావారు తల దగ్గర, తులసినీళ్ళ గిన్నె పట్టుకుని నేను పక్కన, గుమ్మం నిండా ఊరివాళ్ళు. పంతులుగారు కూడా కర్ర పట్టుకుని వచ్చారు.

"చెవిలో నారాయణ అనండి. ఇప్పుడైనా వింటాడు," అన్నారెవరో. మావారు వంగబోయారు.

"జరగరా. నేను చెబుతాను," అన్నారు అత్తగారు.

అందరూ చోటిచ్చారు. ఏళ్ళ తరబడి ఆవిడ ఈ ఘడియ కోసమే కాచుకుని ఉన్నారని ఊరందరికీ తెలుసు. ఆవిడ ఆయన పక్కన చతికిలబడి, పైటచెంగు తన మొహానికీ ఆయన మొహానికీ అడ్డం పెట్టుకుని వంగారు. అంత దగ్గరగా ఉన్నది నేనొక్కదాన్నే. నాకొక్కదానికే వినిపించింది.

ఆవిడ అన్నది నారాయణ కాదు. ఆయన పేరు. ఆ కుప్ప పేరు. గారు లేదు, అండీ లేదు. ఒకసారి అన్నారు. ఆగి, ఆరిన అన్నం ముందు కూర్చుని పెరట్లో ఉన్న మనిషిని కేకేసినట్టు ఇంకోసారి అన్నారు.

ఆయన కనురెప్పలు కదిలాయి. గొంతులోంచి "ఊఁ" అని వచ్చింది. భోజనానికి పిలిస్తే రోజూ ఎలా పలికేవారో అలాగే పలికారు. నేను తులసినీళ్ళు పోశాను. సగం లోపలికి వెళ్ళాయి, సగం మీసం మీదుగా జారిపోయాయి. కాసేపటికి ఊపిరి ఆగిపోయింది.

"విన్నాడా అమ్మా?" అని అడిగారు పంతులుగారు.

అత్తగారు పైట సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. "విన్నారు. పలికారు కూడా."

పంతులుగారు కళ్ళొత్తుకున్నారు. చివరికి ఆస్తికుడై పోయాడని గుమ్మంలో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆయన్ని నాస్తికుడన్నవాళ్ళు లేరు. అత్తగారు కూడా ఆ మాట మళ్ళీ అనలేదు. నాకు మాత్రం ఎవరైనా ఎవరినైనా ఆ మాటతో తిడుతుంటే ఇప్పటికీ తిట్టులా వినపడదు. కాళ్ళకి నీళ్ళు పెట్టమన్నట్టే ఉంటుంది.

ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అత్తగారితో కూడా ఒక్కసారే ఎత్తాను, అదీ సంవత్సరీకాలయ్యాక, మళ్ళీ వడియాలు పెడుతున్నప్పుడు.

"స్వామి పేరు చెప్పలేదేం అత్తయ్యా? చెరో చోటికి పోతారని అంత బెంగపడ్డారుగా?"

ఆవిడ పిండి చెయ్యి అలాగే పెట్టుకుని నావైపు చూశారు.

"పిలిస్తే పలికే మనిషే కదమ్మా. నేనెక్కడికెళ్తే అక్కడ నిలబడి పిలుస్తాను. వస్తారు."